పాత్రకల్పనయందు పటము, పలుకు

‘పాత్ర’ యను మాటకు మన భాషలో రెండర్థములు ప్రసిద్ధములు. వస్తువును నిలుపుకొను గిన్నె యొకటి, కథయందు వర్తించు వ్యక్తి రెండవది. విద్యాలయములందు పాత్రచిత్రణమును బోధించునపుడు మనము సాధారణముగా గ్రంథస్థములైన కావ్యనాటకములను, నవలలను గ్రహించి వర్ణన, సంభాషణ, చేష్ట యను మూడింటిని పరిశీలింతుము. ఆ పద్ధతి యుచితమే. కాని పాత్రను కల్పించువాడొకడు, దానికి రూపు దిద్దువాడు వేరొకడు, పలుకు నిచ్చువాడు మరియొకడునైన సంప్రదాయము తెలంగాణమున కలదు. దానిని పరిశీలించినచో పాత్ర దేనివలన నిలుచునో, దేనివలన జీవించునో విడివిడిగా తెలియును.

దుబ్బాక చేనేతకు పేరుగన్న యూరు. పూర్వము మెదక్ జిల్లాలో నుండి, 2016 అక్టోబరులో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరినది. పటచిత్రములకు ప్రసిద్ధమైన చేర్యాలయు, అంతకుముందు వరంగల్ జిల్లాలోనిదైనను, నేడు ఈ జిల్లాలోనిదే. నేతవృత్తిగల పద్మశాలీలకు తమ కులపురాణమును వినిపించు ఆశ్రితులు కూనపులివారు. వీరు పటమును వ్రేలాడదీసి, ఒక్కొక్క భాగమును విప్పుచు, చిత్రమును చూపుచు కథ చెప్పుదురు. ఇట్లే గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కలరు. దుబ్బాక వంటి నేతపనివారి యూళ్లు కూనపులివారి కథనమునకు సహజక్షేత్రములు.

ఈ పటములను వ్రాయువారు నకాషీలు. ఖాదీబట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టి, దానిపై ఉడుతవెండ్రుకల కుంచెతో చిత్రింతురు. నేపథ్యము సామాన్యముగా ఎరుపు. పటము నిడుపుగా నుండి అడ్డపట్టెలుగా విభక్తమై యుండును. ఒకే వ్యక్తి పట్టె వెంబడి పట్టెలో కనిపించును. ఒకచోట బాలుడు, ఒకచోట వరుడు, వేరొకచోట యోధుడు. దూరముగా కూర్చున్న ప్రేక్షకుడు ప్రతి పట్టెలోను అతనిని తడబాటు లేక గుర్తింపవలెను. చిత్రకారుని ముందున్న సమస్య యిదియే. అందుచే నతడు ముఖకవళికలలోని సూక్ష్మభేదములను విడిచి, వర్ణము, కిరీటము, ఆయుధము, వాహనము అను స్థూలలక్షణములను ఆశ్రయించును. దేవతలకు నీలము, దేవీమూర్తులకు పసుపు, రాక్షసులకు ముదురు వన్నె వాడుట సామాన్యనియమము.

పద్మశాలీల పురాణమునకు నాయకుడు భావనాఋషి. మార్కండేయుని హోమమునుండి జనించి, తామరతూళ్ల నూలుతో దేవతలకు వస్త్రము నేసినవాడనియు, సూర్యపుత్రిక యగు భద్రావతిని పెండ్లాడినవాడనియు, కాలవాసురునితో పోరినవాడనియు కథ. అతనికి పులితోడి సంబంధము ప్రసిద్ధము. ఈ పాత్ర నిర్మాణమును గమనింపుడు. ఋషిత్వము, నేత, శౌర్యము సామాన్యముగా నొకచోట కూడని గుణములు. నూలు, పులి యను రెండు గుర్తులచేత ఆ మూడును ఒక్క మూర్తియందు కుదిరినవి. వినువాడు తన మగ్గముపై నిత్యము చూచు నూలునే దేవకార్యమునకు సాధనముగా కనుచున్నాడు. తన వృత్తి గౌరవమును ఆ పాత్రయందు గుర్తించుచున్నాడు.

ఆంగ్ల నవలాకారుడు ఫార్‌స్టరు 1927లో వెలువరించిన తన విమర్శగ్రంథమున పాత్రలను చదునైనవనియు, గుండ్రనివనియు విభజించెను. ఒక్క భావముచే నేర్పడి మారక నిలుచునది మొదటిది. మనలను నమ్మించునట్లుగా ఆశ్చర్యపరచగలది రెండవది. ఈ కొలతతో చూచినచో పటములోని మూర్తి చదునైనదే. కాని కథ పటముతో ముగియదు. కథకుడు రాగము మార్చును, మాటాడునది రాక్షసుడైన గొంతు పెంచును, వియోగఘట్టమున స్వరము తగ్గించును, సభను బట్టి ఒక ఘట్టమును పెంచును, ఒకదానిని కుదించును. భరతుడు చెప్పిన చతుర్విధాభినయముల పరిభాషలో, ఆంగికాహార్యములు పటమునకును, వాచికసాత్త్వికములు కథకునకును పంచబడినవనవచ్చును. మారకూడనిది కంటికి, మారవలసినది చెవికి అప్పగింపబడినది. ఈ పంపకమే యీ సంప్రదాయపు పాత్రకల్పనారహస్యమని నా యభిప్రాయము.

పలుకు తొలగినచో నేమగును? ఈ ప్రాంతపు మగ్గమే దానికి నిదర్శనము చూపుచున్నది. సిద్దిపేట చీరలపై నేయు గొల్లభామ ప్రసిద్ధమైన బొమ్మ. పడుగు పేకల గళ్లలో వంపుగీత సులభముగా నిమడదు. కన్నుముక్కులను తీర్చుటకు తావుండదు. అయినను తలపై కుండయు, నడకభంగిమయు నున్నచో చూచినవారు గొల్లభామ యనియే చెప్పుదురు. అత్యల్పలక్షణములతో వ్యక్తిని నిలుపుటలో నిది గొప్ప నేర్పు. కాని యామె ఎవరితో నేమనెనో చీర చెప్పదు. గుర్తు మిగిలినది, వర్తనము మిగులలేదు. ఆమె అలంకారముగా చిరంజీవియైనది.

పటములోని మూర్తులకును నేడు ఇట్టి స్థితియే సంభవించుచున్నది. పూర్వము పటము జీర్ణమైనపుడు కథకులు దానిని నీటిలో నిమజ్జనము చేసి, క్రొత్తదానిని వ్రాయించుకొనువారు. కథకుని అవసరమే చిత్రకారునకు పనియు, పాఠమును అయ్యెడిది. మిరాశి హక్కులు, ఆశ్రితులకిచ్చు త్యాగము సన్నగిల్లినకొలది, చేర్యాల చిత్రకారులు గోడకు తగిలించు చిన్నచిత్రములను, ముఖతొడుగులను, బొమ్మలను చేయుట కలవాటుపడిరి. దానివలన కళ బ్రతికినది, కళాకారుని కుటుంబమును బ్రతికినది. దానిని నిందించుట న్యాయము కాదు. అయితే ఒక్క పట్టె వేరుపడి గోడకెక్కినపుడు ముందువెనుకల కథ తెగిపోవును. పులి మిగులును, అది యేల వచ్చెనో చెప్పువాడుండడు.

కావున పాత్రకల్పనను బోధించువారు ఈ రెండు విద్యలను జతపరచుట యావశ్యకము. విద్యార్థికొక పటఖండమును చూపి మొదట మూర్తిలక్షణములను వ్రాయింపవలెను: దేనివలన నీతడు పట్టెపట్టెలో గుర్తింపబడుచున్నాడు? పిదప కథకుని నోట నా ఘట్టమును వినిపించి, చిత్రమున లేనిది గొంతు ఏమి చేర్చినదో వ్రాయింపవలెను. చివరకు, మూడు గుర్తులకు మించని క్రొత్తపాత్ర నొకదానిని విద్యార్థిచే కల్పింపజేసి, దానికి పలుకు నిమ్మనవలెను. జిల్లాలోని పటములను చిత్రించి భద్రపరచునపుడు సైతము, ప్రతిపట్టెకును కథకుని కథనమును ధ్వనిముద్రితము చేసి జతపరచుట యుక్తము. పటము దాచబడి పలుకు పోయినచో, మన చేత మిగులునది వట్టి గిన్నె మాత్రమే.