ఒక ఒడి, ఇద్దరు బిడ్డలు

 

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్ పఠించి, ఈ వారం ఇంటి లోపలి విషయం ఒకటి మీ ముందు ఉంచుతున్నాము.

కొన్నాళ్ల క్రితం అస్ర్ నమాజు తరువాత ఒక యువకుడు మా వద్ద కూర్చున్నాడు. అతనికి రెండున్నరేళ్ల కొడుకు. ఇంట్లో మరో బిడ్డ పుట్టి ఇరవై రోజులైంది. "హజ్రత్! పెద్దవాడు చెల్లెల్ని గిల్లుతున్నాడు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. గ్లాసుతో తాగేవాడు ఇప్పుడు పాలసీసా కావాలంటున్నాడు. నిన్న కొట్టాను కూడా. నజర్ తగిలిందేమో, ఒక తావీజు రాసివ్వండి" అన్నాడు. "బాబూ, పాప పుట్టిన తరువాత పెద్దవాడిని నువ్వు ఎన్నిసార్లు భుజాన ఎక్కించుకున్నావు?" అని మేము అడిగాము. అతను చాలాసేపు మాట్లాడలేదు.

ఆ పసివాడి వైపు నుండి ఒక్కసారి చూడండి. కాన్పు సమయంలో అతన్ని నానీ ఇంటికో, మేనత్త ఇంటికో పంపించారు. వారం తరువాత తిరిగి వస్తే అమ్మ ఒడిలో వేరొకరు ఉన్నారు. వచ్చిన ప్రతి బంధువూ తిన్నగా ఊయల దగ్గరికే పోతున్నాడు. గిలక్కాయలు, కొత్త బట్టలు, అఖీఖా సందడి, అన్నీ ఆ చిన్న ప్రాణికే. ఇది చాలదన్నట్లు "ఇక నీ పని అయిపోయిందిరా, మీ అమ్మ ఇప్పుడు పాపకే అమ్మ" అని పెద్దలు వేళాకోళం చేస్తారు. పెద్దలకు అది నవ్వులాట. వాడికి అది నిజం. సోదరులారా, ఈ హాస్యాన్ని దయచేసి మన ఇళ్లలో ఆపండి. పక్క తడపడం, సీసా అడగడం మొండితనం కాదు. చంటిబిడ్డలా ఉంటేనే అమ్మ దొరుకుతుందని వాడికి అర్థమైంది, అంతే. కొన్ని వారాల్లో అది దానంతటదే తగ్గుతుంది. కొడితే మాత్రం, పాప వచ్చాకే దెబ్బలు మొదలయ్యాయని వాడు లెక్క కట్టుకుంటాడు.

పసిబిడ్డను గాయపరచనివ్వమని మేము చెప్పడం లేదు. ఇద్దరినీ ఒంటరిగా ఒకే మంచం మీద వదలకూడదు. గిల్లే చేతిని మెల్లగా పట్టుకుని, ఆ చేతితోనే పాప కాలు నిమిరించాలి. స్నానం చేయించేటప్పుడు తువ్వాలు అందించే పని వాడికే అప్పగించాలి.

మదీనాలో సరిగ్గా ఇలాంటి ఇల్లు ఒకటి ఉండేది. చరిత్రకారుల ప్రసిద్ధ కథనం ప్రకారం హజ్రత్ హసన్ (రజి) హిజ్రీ 3వ సంవత్సరం రమజాన్‌లోనూ, హజ్రత్ హుసైన్ (రజి) హిజ్రీ 4వ సంవత్సరం షాబాన్‌లోనూ జన్మించారు. మధ్య అంతరం పదకొండు నెలలు. అంటే రెండవ బిడ్డ ఒడిలోకి వచ్చేనాటికి మొదటి బిడ్డవి ఇంకా తప్పటడుగులు! ఆ మనవల పట్ల మహాప్రవక్త (స) ఎలా వ్యవహరించారో హదీసు గ్రంథాలు భద్రపరిచాయి. ఆయన ఖుత్బా ఇస్తుండగా ఆ ఇద్దరూ ఎర్ర చొక్కాలు తొడుక్కుని, నడుస్తూ, తడబడి పడుతూ వచ్చారు. ఆయన మింబర్ దిగి ఇద్దరినీ ఎత్తుకుని వచ్చి తన ముందు కూర్చోబెట్టుకుని, ఆ తరువాతే ప్రసంగం కొనసాగించారు. తిర్మిజీలో ఉన్న ఈ ఉల్లేఖనంలో మమ్మల్ని ఆకట్టుకునే సంగతి, ఆయన ఒక్కరిని కాక ఇద్దరినీ ఎత్తుకోవడం. హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) చెప్పిన మరో సంగతి బుఖారీలో ఉంది. మహాప్రవక్త (స) ఒక తొడపై తనను, మరో తొడపై హసన్‌ను కూర్చోబెట్టుకుని, ఇద్దరినీ హత్తుకుని, ఇద్దరిపైనా దయ చూపమని అల్లాహ్‌ను వేడుకునేవారట. హసన్ కంటే ఉసామా వయసులో ఎంతో పెద్ద, పైగా రక్తసంబంధి కాదు. అయినా తొడలు రెండు, దుఆ ఒకటే.

హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) హదీసు మీరు విన్నదే. ఒక్క కొడుక్కే కానుక ఇచ్చిన తండ్రిని మహాప్రవక్త (స) వారించి, సంతానం మధ్య న్యాయం పాటించమన్నారు. మనం ఆ హదీసును పొలాలు, ఇళ్లు పంచే రోజున గుర్తు చేసుకుంటాము. అది ఊయల దగ్గరే మొదలవుతుందని మా అభిప్రాయం.

ఇక పాల సంగతి. రెండవ గర్భం నిలిచిందని తెలియగానే మన ఇళ్లలో మొదటి బిడ్డకు ఒక్కరోజులో పాలు మాన్పిస్తారు. వేపాకు నూరి రాస్తారు. గర్భిణి పాలు విషమని కొందరు భయపెడతారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ జుదామా (రజి) ఉల్లేఖనం చూడండి. మహాప్రవక్త (స) 'గీలా'ను నిషేధిద్దామనుకున్నారు. పాలిచ్చే భార్యతో దాంపత్యం అని కొందరు పండితులు, గర్భిణి పాలివ్వడం అని మరికొందరు దీనికి అర్థం చెప్పారు. అయితే రోమీయులు, పారసీకులు అలా చేస్తున్నా వారి పిల్లలకు హాని కలగడం లేదని గమనించి ఆయన నిషేధించలేదు. కనుక ఆ భయానికి ధర్మంలో ఆధారం లేదు. తల్లి బలహీనంగా ఉన్నా, గతంలో గర్భం నిలవకపోయినా డాక్టరును అడగండి. బఖరా సూరా 233వ ఆయతు పాలు పట్టే కాలం పూర్తి చేయదలచిన వారికి రెండేళ్లు అని చెప్పింది. ముందే మాన్పించాలంటే తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకుని, పరస్పర అంగీకారంతో చేయమంది. అత్తగారి ఆజ్ఞతో కాదు, పొరుగింటి సలహాతో కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో పాలు మానిన పిల్లలకే ప్రభుత్వ భత్యం ఇచ్చేవారు. ఒక రాత్రి మదీనా వెలుపల బస చేసిన బిడారానికి కాపలా కాస్తూ ఆయన ఒక బిడ్డ పదేపదే ఏడవడం విన్నారు. ఆ భత్యం కోసమే తల్లి పసివాడికి తొందరపడి పాలు మాన్పిస్తోందని తెలిసింది. ఆనాటి ఫజ్ర్ నమాజులో ఏడుపు వల్ల ఆయన పారాయణం జనానికి అర్థం కాలేదని ఇబ్నె సాద్ రాశారు. ఆ తరువాత, పాలు మాన్పించడంలో తొందర వద్దని, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని చాటింపు వేయించారు.

తల్లి గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. మా రెండవ బిడ్డ పుట్టినప్పుడు మేము మదరసాలో పాఠాలు చెబుతుండేవారము. ఫజ్ర్‌కు లేవాలనే సాకుతో వేరే గదిలో పడుకున్నాము. ఒకరు పాల కోసం, మరొకరు నిద్ర చెడి, రాత్రంతా ఇద్దరూ ఆమె మీదనే. నలభై రోజులు గడిచాక ఒక ఉదయం ఆమె పొయ్యి ముందు కూర్చుని ఊరికే ఏడుస్తోంది. మేము సబ్ర్ గురించి నాలుగు మాటలు చెప్పి, బయలుదేరాము. ఆ నాలుగు మాటలకు నేటికీ సిగ్గుపడుతున్నాము. బాలింత దుఃఖం ఈమాన్ లోపం కాదు. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. బిడ్డకో, తనకో హాని చేసుకోవాలన్న తలంపు వస్తోందని ఆమె అంటే ఒక్క పూట కూడా ఆగకూడదు.

హజ్రత్ ఫాతిమా (రజి) తిరుగలి విసిరి చేతులు బొబ్బలెక్కి, సేవకుణ్ణి అడగడానికి వెళ్లిన ఉదంతం చాలామంది భర్తలకు కంఠస్థం. ఆమెకు లభించింది తస్బీహ్ అని భార్యకు గుర్తు చేస్తారు. ముస్నద్ అహ్మద్‌లోని ఉల్లేఖనంలో హజ్రత్ అలీ (రజి) తన సంగతి కూడా చెప్పుకున్నారు. నీళ్లు తోడి తోడి తన ఛాతీ నొప్పి పెడుతోందన్నారు. ఆ ఇంట్లో అలసిపోయింది ఇద్దరూ. ఛాతీ నొప్పి ఎరుగని భర్తకు ఆ తస్బీహ్‌ను భార్యకు ఉపదేశించే హక్కు ఎక్కడిది? మహాప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనిలో ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు.

పాలిచ్చే తల్లికి, తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే రమజాన్ ఉపవాసాలు వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది. మన హనఫీ మస్లక్ ప్రకారం తరువాత ఖజా పాటిస్తే చాలు. వరుస కాన్పుల వల్ల పేరుకున్న ఉపవాసాలను చలికాలపు చిన్న రోజుల్లో కొద్దికొద్దిగా తీర్చుకోవచ్చు. ఆ రోజుల్లో పిల్లలను చూసుకోవడం భర్త వంతు.

ఆ యువకుడికి మేము తావీజు ఇవ్వలేదు. రోజూ మగ్రిబ్‌కు పెద్దవాడిని వెంట తీసుకుని రమ్మన్నాము. వస్తున్నాడు. పిల్లవాడు మూడవ సఫ్‌లో అటూ ఇటూ తిరుగుతాడు, ఒక్కోసారి ఏడుస్తాడు. బిడ్డ ఏడుపు విని, తల్లికి కష్టమవుతుందని మహాప్రవక్త (స) నమాజును కుదించేవారు. మేమూ ఆ రోజు చిన్న సూరాలే చదువుతాము. చిన్న పిల్లలతో వచ్చే తండ్రులకు ఈ జుమా నుండి తలుపు పక్క స్థలం కేటాయించాము. ఏడుపు వినబడితే దయచేసి ఎవరూ వెనక్కి తిరిగి చూడవద్దు.