శ్రమ తగ్గితే ఆకలి తగ్గుతుందా? - అధిక బరువుపై హుగ్లీ తీరం నేర్పిన పాఠం

కోల్‌కతా మహానగరానికి నైరుతి దిశలో, హుగ్లీ నది తూర్పు గట్టున బడ్జ్ బడ్జ్ పట్టణం ఉన్నది. పాశ్చాత్య దేశాల పర్యటన ముగించుకొని వచ్చిన స్వామి వివేకానందుడు 1897 ఫిబ్రవరి 19న ఇక్కడ దిగి, రైలులో సియాల్దా చేరుకొన్నాడు. కెనడా ప్రభుత్వం అడుగుపెట్టనీయక త్రిప్పిపంపిన కొమగాటా మారు నౌక 1914 సెప్టెంబరులో ఈ రేవుకే వచ్చింది. ఆనాటి పోలీసు కాల్పులలో పలువురు ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. చరిత్రలో బడ్జ్ బడ్జ్ పేరు ఈ రెండు సంఘటనలతో నిలిచినప్పటికీ, ఆ పట్టణపు దైనందిన జీవితాన్ని తీర్చిదిద్దినది మాత్రం జనపనార పరిశ్రమ.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుండి హుగ్లీ ఇరుగట్లపై జూట్ మిల్లులు వరుసగా వెలిశాయి. వాటిలో పనిచేయడానికి దేశం నలుమూలల నుండి శ్రామికులు తరలివచ్చారు. బిహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా ప్రాంతాలవారితో పాటు శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగు కుటుంబాలు కూడా ఈ నదీతీరంలో స్థిరపడ్డాయి. నార బేళ్ళు మోసేవారు, బొగ్గు ఎత్తేవారు, మగ్గాల వద్ద గంటల తరబడి నిలబడేవారు, కచేరీలో లెక్కలు వ్రాసేవారు, మిల్లు గేటు ముందు దుకాణంలో కూర్చునేవారు - అందరూ ఒకే చోట జీవించారు. చేసే శ్రమలో ఇంతటి వైవిధ్యం ఒకే ప్రాంగణంలో కనిపించడం అరుదు. ఆ వైవిధ్యమే శాస్త్రజ్ఞులను ఇక్కడికి రప్పించింది.

చెంగాయిల్ మిల్లులో పరిశీలన

బడ్జ్ బడ్జ్ నుండి పడవలో నది దాటితే ఆవలి గట్టున బౌరియా వస్తుంది. దానికి సమీపంలోనే చెంగాయిల్ అనే ఊరు, అక్కడ లడ్లో జూట్ మిల్లు ఉన్నాయి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పోషకాహార శాస్త్రజ్ఞుడు జాన్ మేయర్, పూర్ణిమా రాయ్, కామాఖ్యా ప్రసాద్ మిత్ర కలిసి ఈ మిల్లుకు సంబంధించిన 213 మంది పురుషుల ఆహారాన్ని, శరీరపు బరువును, వారు చేసే శ్రమను పరిశీలించి, ఫలితాలను 1956లో ప్రకటించారు.

శ్రమను బట్టి శ్రామికులను వారు తరగతులుగా విభజించారు. ఒక కొసన రోజంతా దుకాణంలో కూర్చునే వర్తకులు, గుమాస్తాలు ఉన్నారు. నడుమ తేలికపాటి పనులు, మధ్యరకపు పనులు చేసేవారు ఉన్నారు. మరొక కొసన బొగ్గు, బూడిద ఎత్తేవారు, బరువులు మోసేవారు ఉన్నారు. ఎక్కువ శ్రమించేవారు ఎక్కువ తింటారని ఎవరైనా ఊహించగలరు. తేలికపాటి పని నుండి కఠినమైన పని వరకు ఈ ఊహ నిజమే అయినది. శ్రమ పెరిగినకొద్దీ ఆహారం పెరిగింది. బరువులో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదు.

అయితే కూర్చుండి పనిచేసేవారి విషయంలో ఈ సూత్రం తలక్రిందులైనది. అతి తక్కువ శ్రమించే వీరు అతి తక్కువ తినవలసి ఉండగా, తేలికపాటి పనివారికంటె ఎక్కువ తింటున్నట్లు తేలింది. ఆ ఆహారపు మొత్తం కఠినశ్రమ చేసేవారి ఆహారానికి ఇంచుమించు సమానంగా ఉన్నది. అందరిలోకి అధికమైన బరువు కూడా వీరిదే.

దీనిని బట్టి మేయర్ బృందం ఒక ముఖ్యమైన అభిప్రాయానికి వచ్చింది. కొంత శ్రమ ఉన్నంతవరకే ఆకలి శరీరావసరాన్ని సరిగా కొలుస్తుంది. శ్రమ ఒక హద్దుకు దిగువకు పడిపోతే ఆ కొలత గతి తప్పుతుంది. ఖర్చు తగ్గినా ఆకలి తగ్గదు. మిగిలిన శక్తి కొవ్వుగా మారి శరీరంలో నిలువ చేరుతుంది.

మేయర్ బృందం పరిశీలనకు కొద్దికాలం ముందే, 1953లో, జెరిమీ మోరిస్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు లండన్ నగరపు బస్సు సిబ్బందిపై తన పరిశోధనను ప్రచురించాడు. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకంటె, అదే బస్సులో కూర్చుండి నడిపే డ్రైవర్లకు గుండెజబ్బులు ఎక్కువగా వస్తున్నట్లు అందులో వెల్లడైనది. తరువాత వారి యూనిఫారాల కొలతలు చూడగా, డ్రైవర్ల నడుము చుట్టుకొలతలే పెద్దవిగా కనిపించాయి. దేశాలు వేరైనా, కదలిక కరవైన శరీరపు కథ ఒకటే.

బరువును కొలిచే విధానం

శరీరపు బరువు అధికమా, సమంజసమా అని నిర్ణయించడానికి ఎత్తును కూడా లెక్కలోనికి తీసుకోవాలి. కిలోగ్రాములలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బాడీ మాస్ ఇండెక్స్ అంటారు. పందొమ్మిదవ శతాబ్దిలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే ఈ నిష్పత్తిని రూపొందించాడు. పాశ్చాత్య దేశాలలో ఈ సూచిక 25 దాటితే అధిక బరువుగా, 30 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. భారతీయుల విషయంలో 2009లో మన దేశపు వైద్యనిపుణులు 23 నుండి అధిక బరువుగా, 25 నుండి స్థూలకాయంగా పరిగణించాలని సూచించారు. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తుగల వ్యక్తి బరువు 59 కిలోలు దాటినప్పుడే జాగ్రత్త వహించాలి. 64 కిలోలు చేరితే స్థూలకాయం క్రిందికి వస్తుంది. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

భారతీయులకు హద్దు తక్కువగా ఎందుకు పెట్టారన్న సందేహం సహజమే. ఒకే బరువు, ఎత్తుగల ఐరోపావారితో పోల్చినప్పుడు మనవారిలో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉంటుంది. ఆ కొవ్వు కూడా ప్రధానంగా ఉదరభాగంలో చేరుతుంది. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం జరిపిన పరిశోధనలు ఈ లక్షణం పుట్టుకనుండే ఉన్నట్లు చూపాయి. అక్కడి పల్లెలలో పుట్టిన శిశువులు ఇంగ్లండు శిశువులకంటె చాలా తేలికగా ఉన్నా, వారి శరీరంలో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. తల్లికి చాలినంత తిండి లేని ఇంట పుట్టి, పెద్దయిన తరువాత కదలిక లేని ఉద్యోగంలో కుదురుకొన్నవారికి ముప్పు అధికమని దీనివలన తెలుస్తున్నది.

స్థూలకాయం ధనికుల జాడ్యమన్న పాత అభిప్రాయం నేడు నిలవదు. 2019-21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని స్త్రీలలో 24 శాతం మందికి సూచిక 25 లేక అంతకు మించి ఉన్నది. ఇది పశ్చిమ బెంగాల్‌లో 22.7 శాతం, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. అదే సర్వేలో దేశంలోని స్త్రీలలో 18.7 శాతం మంది ఉండవలసినదానికంటె తక్కువ బరువుతో ఉన్నట్లు కూడా తేలింది. అర్ధాకలి, అధిక బరువు ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా ఉంటున్నాయి.

శరీరంలో జరిగే మార్పులు

కొవ్వు కేవలం నిలువ సరుకు కాదు. ఉదరంలో చేరిన కొవ్వు రక్తంలోనికి పలు పదార్థాలను విడుదల చేస్తుంది. వాటి ప్రభావంవల్ల కండరాలు, కాలేయం ఇన్సులిన్ ఆజ్ఞను సరిగా పాటించవు. లోటును పూరించడానికి క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. కొన్నేళ్ళకు ఆ గ్రంథి అలసిపోగా రక్తంలో చక్కెర పెరిగి మధుమేహం ప్రాప్తిస్తుంది. పెరిగిన శరీరానికి రక్తం అందించడానికి గుండె అధికంగా శ్రమిస్తుంది, రక్తపోటు హెచ్చుతుంది. గుండెజబ్బులు, పక్షవాతం, కాలేయంలో కొవ్వు చేరడం, పిత్తాశయంలో రాళ్ళు, కొన్ని రకాల క్యాన్సర్లు కూడా అధిక బరువుతో ముడిపడి ఉన్నాయి.

మన ప్రాచీన వైద్యులు కూడా దీనిని గుర్తించారు. చరక సంహిత అతిస్థూల శరీరానికి ఎనిమిది దోషాలను చెప్పింది. ఆయుష్షు తగ్గడం, చురుకుదనం నశించడం, దౌర్బల్యం, అతిగా చెమట పట్టడం, మితిమీరిన ఆకలి, దప్పిక వాటిలో ఉన్నాయి. మితిమీరిన ఆకలిని కూడా దోషంగా ఎంచడం గమనార్హం.

దించుకోలేని బరువు

వ్యాధి ముదరకముందే అధిక బరువు నిత్యజీవితాన్ని మార్చివేస్తుంది. మిల్లు కూలీ మూటను గోదాములో దించి ఊపిరి పీల్చుకొంటాడు. పది కిలోల అదనపు బరువును శరీరంలో మోసేవారికి దానిని దించుకొనే చోటు లేదు. నడిచేటప్పుడు ప్రతి అదనపు కిలో మోకాలిపై అడుగడుగునా సుమారు నాలుగు కిలోల ఒత్తిడిని కలిగిస్తుంది. రేవు మెట్లు దిగి పడవ ఎక్కడం, కిక్కిరిసిన లోకల్ రైలులో నిలబడడం, నేలపై కూర్చుండి లేవడం, బావినుండి నీరు తోడుకోవడం వంటి మామూలు పనులు కష్టసాధ్యమవుతాయి. నొప్పివల్ల కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గినందువల్ల బరువు మరింత పెరుగుతుంది.

రాత్రివేళ మెడచుట్టూ చేరిన కొవ్వు శ్వాసమార్గాన్ని ఇరుకు చేస్తుంది. గురకతో పాటు ఊపిరి నడుమనడుమ ఆగుతూ, నిద్ర చెదిరిపోతుంది. మరునాడు చదువులోను, యంత్రం వద్దను మగత ఆవరిస్తుంది.

వీటన్నిటికంటె లోతుగా గాయపరచేది ఎగతాళి. బొద్దుగా ఉన్న విద్యార్థికి తరగతిలో మారుపేరు పెడతారు. ఆటలలో చివరకు పిలుస్తారు, లేదా అసలు పిలవరు. ఆ బాలుడు మైదానానికి దూరమవుతాడు. వానికి అత్యవసరమైన కదలికనే ఆ ఎగతాళి దూరం చేస్తున్నది. అధిక బరువును తిండిపోతుతనంగా, సోమరితనంగా నిందించడం అన్యాయం మాత్రమే కాదు, అశాస్త్రీయం కూడా. వంశపారంపర్యం, కొన్ని గ్రంథుల లోపాలు, కొన్ని మందులు సైతం బరువును పెంచుతాయి. చెంగాయిల్ దుకాణదారులు కూలీలకంటె బుద్ధిహీనులు కారు. వారి పని మారింది. వారి ఆకలి ఆ మార్పును గుర్తించలేదు.

కర్తవ్యం

ఆకలి ఒక్కటే నమ్మదగిన కొలత కానప్పుడు, ఆలోచన దానికి తోడు కావాలి. రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగు కప్పుల టీ త్రాగితే ఆ పంచదారనుండే సుమారు 160 కెలోరీలు చేరుతాయి. వాటిని ఖర్చు చేయడానికి చాలామందికి అరగంటకు పైగా నడవవలసి వస్తుంది. బరువులు మోసిన తాతకు చాలినంత అన్నం, నూనెలో వేగిన చిరుతిండి, కుర్చీలో కూర్చునే మనుమనికి అధికమవుతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ధాన్యాల వాటాను తగ్గించి పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు పెంచవలసిందిగా సూచిస్తున్నాయి. నూనె, పంచదార, ఉప్పు మితంగా వాడాలి. పస్తులుండడం, ప్రకటనలు చూసి మందులు మ్రింగడం ప్రమాదకరం. చికిత్స అవసరమైనవారు వైద్యుని సంప్రదించాలి.

కొద్దిపాటి మార్పుకు కూడా ఫలితం ఉంటుంది. మధుమేహం అంచున ఉన్నవారిపై చెన్నైలో జరిపి, 2006లో ప్రకటించిన పరిశోధనలో, సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో 55 శాతం మందికి మూడేళ్ళలో ఆ వ్యాధి వచ్చింది. నడకను, మితాహారాన్ని అలవరచుకొన్నవారిలో అది 39 శాతమే. వీరి బరువు పెద్దగా తగ్గలేదన్నది విశేషం. తూనికలో ముల్లు కదలకపోయినా, కదిలిన శరీరానికి మేలు జరుగుతూనే ఉంటుంది.

ఈ బాధ్యత వ్యక్తులది మాత్రమే కాదు. పాఠశాలకు ఆటస్థలం, పట్టణానికి నడవదగిన బాట, స్త్రీలు నిర్భయంగా నడవగల వీధి, పేదలు కొనగల ధరకు కూరగాయలు - ఇవన్నీ ఆరోగ్య సాధనాలే.

ఒకనాడు భాష వేరైనా, ఊరు వేరైనా హుగ్లీ తీరాన శ్రామికులందరూ ఒకే మిల్లు కూతకు లేచారు. వారి సంతతి నేడు దేశమంతటా కుర్చీలలోను, దుకాణాలలోను, వాహనాలలోను కూర్చుండి జీవనోపాధి పొందుతున్నది. కఠినశ్రమనుండి విముక్తి పొందడం వారి హక్కు. ఆ విముక్తి వ్యాధిగా పరిణమించకుండా చూసుకోవాలంటే, బ్రతుకు తెరువు కోసం ఒకప్పుడు తప్పనిసరి అయిన కదలికను ఇప్పుడు ఆరోగ్యం కోసం ప్రతిదినం కొంతైనా కోరి తెచ్చుకోవాలి.