కాబా తాళం చెవి ఎవరి చేతిలో?

మన ఇళ్ళలో తాళం చెవుల గుత్తి ఎవరి కొంగున ఉంటే ఇంటి బరువు వారి మీద ఉన్నట్టే. మరి అల్లాహ్ గృహమైన కాబా తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? రాజు దగ్గరా, ఇమాము దగ్గరా? ఇద్దరి దగ్గరా కాదు. మక్కాలోని షైబీ వంశం వారి దగ్గర.

హిజ్రీ 8వ సంవత్సరం (క్రీ.శ. 630)లో మక్కా జయించబడింది. అప్పటికి తాళం చెవి బాధ్యత హజ్రత్ ఉస్మాన్ బిన్ తల్హా (రజి) కుటుంబానిది. దైవప్రవక్త (స) దానిని తెమ్మన్నప్పుడు ఆయన తల్లి ఇవ్వనన్నదనీ, ఆయన పట్టుబట్టి తెచ్చారనీ హదీసు గ్రంథాల్లో ఉంది. కాబా లోపలికి వెళ్ళివచ్చాక ఆ గౌరవాన్ని తమకు ఇప్పించమని ప్రవక్త (స) స్వంత బంధువులే అడిగారని చరిత్రకారులు రాశారు. ఆ రోజు ఇవ్వాలనుకుంటే అడ్డు చెప్పేవారెవరు? అయినా ప్రవక్త (స) ఉస్మాన్‌ను పిలిపించి తాళం చెవిని ఆయన చేతిలోనే పెట్టారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని చెప్పే నిసా సూరాలోని 58వ ఆయతును వ్యాఖ్యాతలు ఈ సంఘటనతో ముడిపెడతారు. ఉస్మాన్ (రజి) తరువాత ఆ బాధ్యత ఆయన తండ్రి సోదరుని మనవడి వరుసకు కాక, ఆ సోదరుని కుమారుడైన షైబా (రజి)కే వచ్చింది. వంశానికి ఆ పేరు ఆయన వల్లనే.

చెవి ఒకరి దగ్గరే ఉన్నా తాళాలు మాత్రం మారుతూ వచ్చాయి. ఖలీఫాలు, మమ్లూకులు, ఉస్మానీ సుల్తానులు కొత్త తాళాలు చేయించి పంపేవారు. ఇనుముతో చేసిన పొడవాటి తాళాలవి. వాటి మీద ఆయతులు, పంపిన పాలకుడి పేరు చెక్కించేవారు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజభవనంలో ఇలాంటి తాళాలు, చెవులు ఎన్నో భద్రంగా ఉన్నాయి. పాలకుల పేర్లు ఇంత శ్రద్ధగా చెక్కిన పనివారి పేర్లు కూడా తెలిస్తే బాగుండునని మాకు అనిపిస్తుంది.

వీటికి ఉన్న విలువే మోసానికీ దారి తీసింది. 2008లో లండన్‌లో ఒక వేలంలో 12వ శతాబ్దపు కాబా తాళం చెవి అంటూ ఒకటి 92 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. అది అసలుది కాదని అనుమానాలు రావడంతో తరువాత ఆ అమ్మకం రద్దయింది.

1979లో ఖాలిద్ రాజు హయాంలో అమర్చిన బంగారు తలుపును మక్కా స్వర్ణకారుడు అహ్మద్ బిన్ ఇబ్రాహీమ్ బద్ర్ తయారుచేశారు. దానికి 280 కిలోల బంగారం పట్టింది. 2013లో తాళం మళ్ళీ మారింది. కొత్త చెవిని షైబీలకే అప్పగించారు. చెవిని ఉంచే సంచి కూడా మామూలుది కాదు. పట్టు బట్ట మీద బంగారు జరీతో కుట్టిన పని అది.

2024 జూన్‌లో సంరక్షకులు డాక్టర్ సాలిహ్ అల్ షైబీ కన్నుమూశారు. కొద్ది రోజులకే తాళం చెవి అదే వంశానికి చెందిన అబ్దుల్ వహ్హాబ్ అల్ షైబీ చేతికి వచ్చింది.