ఇంజన్ పోయిన పికప్‌కు చవకగా ఇంజన్ - ఎలా చూసుకోవాలి?

మన హాస్టల్‌లో చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవారి గురించి ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ రాస్తుంటారు. రాయవలసిందే. అయితే పదో తరగతో, ఇంటరో అయ్యాక స్టీరింగు పట్టినవాళ్ళూ, ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చేసి స్పానరు పట్టినవాళ్ళూ కూడా మనలో తక్కువేమీ లేరు. నేను రెండో బాపతు. విజయవాడ ఆటోనగర్‌లో పని. కాబట్టి కవితలు, కథలు మిగతా మిత్రులకు వదిలేసి నాకు తెలిసిన విషయమే రాస్తున్నాను.

నెలకు ఒక్కరైనా ఫోన్ చేస్తారు. "అన్నా, బండి ఇంజన్ పోయింది. సెకండ్‌హ్యాండ్‌ది ఎక్కడన్నా చవగ్గా దొరుకుద్దా?" అని. అడిగేవాళ్ళలో ఎక్కువమంది అప్పు చేసి పికప్ కొన్న తమ్ముళ్ళే. బండి ఆగిపోయినా నెల వాయిదా ఆగదు, అందుకే తొందర. ఆ తొందరలో దొరికిన ఇంజన్ ఏదో ఎక్కించుకుని, తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరా, పోలీసు స్టేషన్ దగ్గరా నిలబడ్డవాళ్ళను చూశాను. ఇంజన్ కొనేముందు ఇది చదివి ఒక్క పూట ఆలోచించండి.

అసలు మీ ఇంజన్ నిజంగా పోయిందా? ముందు తేల్చుకోవలసింది ఇదే. పొగను చూడండి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్లగా వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. అది నాజిల్సు, ఎయిర్ ఫిల్టరు, టర్బోల సంగతి కావచ్చు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే నీళ్ళు లోపలికి పోతున్నాయేమో చూడాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాల టీలాగా కనిపిస్తే హెడ్ ప్యాకింగ్ పోయి ఉండవచ్చు, హెడ్ పగిలి ఉండవచ్చు. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తలకిందులుగా అక్కడే పెట్టండి. ఎగిరి పడుతుంటే రింగులూ లైనర్లూ అరిగి గాలి కిందికి కొడుతున్నట్టు. చివరగా కంప్రెషన్ గేజి పెట్టించండి. నాలుగు సిలిండర్లలో మూడు బాగుండి ఒకటి పడిపోతే, మొత్తం ఇంజన్‌ను శపించనక్కర్లేదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆర్‌సీలో రాసి ఉండే ఇంజన్ నంబరు కొట్టి ఉండేది బ్లాకు మీద. హెడ్ మీద కాదు, క్రాంకు మీద కాదు, పంపు మీద కాదు. అంటే మీ బ్లాకు పగలకుండా ఉన్నంతకాలం లోపలి సామాను ఏది మార్చినా కాగితాల ప్రకారం మీ ఇంజన్ మీదే. లైనర్లున్న బ్లాకైతే పాతవి లాగేసి కొత్తవి దించుతారు. లేకపోతే బోరు తీయించి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. క్రాంకు గీతలు పడితే 0.25, 0.50 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేయించి తగిన బేరింగులు వేస్తారు. హెడ్ పోతే కండెం ఇంజన్ నుంచి హెడ్ ఒక్కటే కొనవచ్చు. ఏ ఆఫీసుకూ వెళ్ళే పని లేదు. ఇంజన్ చవకగా దొరికే చోటు ఏదని నన్నడిగితే, సగం కేసుల్లో అది మీ బానెట్ కిందే ఉందంటాను.

ఇక రాడ్డు విరిగి బ్లాకును పొడుచుకుని బయటికొచ్చిందనుకోండి, లేదా నీళ్ళు లేక కాలిపోయి బ్లాకు చిట్లిందనుకోండి. అప్పుడు వేరే ఇంజన్ తప్పదు. ఏ ఇంజన్?

ఇక్కడ కొంచెం లెక్కల క్లాసుకు వెళ్దాం. టాటా 407 బండిలో వచ్చిన ఇంజన్‌ను 497 అంటారు. ఆ పేరులోనే అర్థముంది. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 97 మిల్లీమీటర్ల బోరు. పిస్టన్ నడిచే దూరం 100 మిల్లీమీటర్లు. స్థూపం ఘనపరిమాణం సూత్రం మీకు తెలుసు కదా! వ్యాసార్థం 4.85 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. వేసి గుణించండి. ఒక సిలిండరుకు సుమారు 739 సీసీ వస్తుంది. నాలుగింటికి 2956. ఆర్‌సీలో 'క్యూబిక్ కెపాసిటీ' అని ఉండేది ఇదే. ఆరు సిలిండర్లున్న పెద్ద లారీ ఇంజన్‌ను 697 అన్నది కూడా ఈ పద్ధతిలోనే. మహీంద్రా బొలెరో డీఐ ఇంజన్ 2523 సీసీ. దాని బోరు 88.9 మిల్లీమీటర్లు, స్ట్రోకు 101.6. ఇవేమి వింత అంకెలని అనిపిస్తుంది గానీ, అంగుళాల్లోకి మారిస్తే సరిగ్గా మూడున్నర, నాలుగు! పాత ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజన్ కొలతలవి. 1970ల్లో మహీంద్రా జీపుల్లోకి ఆ ట్రాక్టరు ఇంజన్ల కుటుంబమే దిగింది. వేరే బండి ఇంజన్‌ను ఇంకో బండిలోకి దించడం మన షెడ్లు కనిపెట్టిన విద్యేమీ కాదన్నమాట. కాకపోతే వాళ్ళది కంపెనీ, పరీక్షలు చేసి ఆమోదం తీసుకుని దించారు. మనకు ఆ అవకాశం లేదు.

ఎందుకు లేదో చట్టం చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను ప్రకారం కంపెనీవాళ్ళు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతిలేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని రాశారు. కాబట్టి బొలెరోలోకి టాటా ఇంజన్, డోస్త్‌లోకి ఇంకేదో ఇంజన్ అనే మాటలు వినసొంపుగా ఉన్నా వదిలేయండి. అదే కంపెనీ, అదే రకం, అదే భారత్ స్టేజి ఇంజన్ వెతకండి. దాన్నైనా ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని మార్చాలి. మార్చిన 14 రోజుల్లో ఆర్‌సీ తీసుకెళ్ళి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. బండి ఫైనాన్స్‌లో ఉంటే వారి రాతపూర్వక అంగీకారం కూడా ముందే తీసుకోండి.

భారత్ స్టేజి సంగతి విడిగా చెప్పాలి. దేశమంతటా బీఎస్-4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 అయింది 2020 ఏప్రిల్ 1 నుంచి. మీ బండి కామన్ రైల్‌దైతే కొందరు మెకానిక్కులు ఒక సలహా ఇస్తారు. "ఈ సెన్సార్ల గోల ఎందుకు, పాత పంపు ఇంజన్ దించేస్తా, సుత్తీ స్పానరుతో జీవితాంతం నడుస్తుంది" అని. నిజమే, పాత పంపు ఇంజన్ మొండిది, రిపేరు తేలిక. నాకూ ఇష్టమే. కానీ దాని పొగ మీ బండికి రాసిన ప్రమాణానికి సరిపోదు, దాని రకం మీ ఆర్‌సీలో కూర్చోదు. రేపు ఎఫ్‌సీకి పోయిన రోజున ఆగిపోతారు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలని మరవకండి.

పేరు చూసి కూడా మోసపోవద్దు. బొలెరో అన్న పేరు ఒక్కటే గానీ, 2016లో వచ్చిన బొలెరో పవర్ ప్లస్ జీపుకు మూడు సిలిండర్ల 1493 సీసీ ఇంజన్ పెట్టారు. 2523 సీసీ పికప్‌లోకి అది పనికిరాదు. బండి పేరు చెప్పి బేరం మొదలుపెట్టకుండా ఇంజన్ నంబరు, సీసీ, తయారైన సంవత్సరం చెప్పి అడగండి.

ఇంజన్లు దొరికే చోట్లు మీకు తెలిసినవే. మా జవహర్ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్, హైదరాబాదులో వనస్థలిపురం వైపు ఆటోనగర్. ఇంకా దూరం పోతే చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి. దూరం నుంచి తెప్పిస్తే లారీ కిరాయి ఒకెత్తు, తేడా వస్తే తిరిగి పంపలేకపోవడం ఇంకొకెత్తు. నేనైతే స్టార్టు చేసి చూపించగలిగిన దుకాణానికే పోతాను. ఒకప్పుడు ప్రభుత్వ ఆఫీసుల కండెం జీపుల వేలం మంచి దారిగా ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను చెల్లదు, అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పోవాలి. ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఇప్పుడు మేలైనవి యాక్సిడెంటులో పోయిన బళ్ళ ఇంజన్లు. వెనక నుంచి గుద్దించుకున్న బండికి ముందున్న ఇంజన్ క్షేమంగా ఉంటుంది. ఇన్సూరెన్సు కంపెనీ బండిని పూర్తి నష్టం కింద తేల్చి అమ్మేసి ఉంటే కాగితాలు కూడా ఉంటాయి.

దుకాణానికి పోయినప్పుడు మొట్టమొదట ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపు వేడి చేసి పెట్టారని అర్థం. చల్లటి ఇంజన్ మొదటి తిప్పుడుకే అందుకుంటుందా లేదా అన్నదే అసలు పరీక్ష. సంపు విప్పడానికి ఒప్పుకుంటే అడుగున ఇత్తడి, ఇనుప రజను ఉందేమో చూడండి. టర్బో ఇరుసును వేళ్ళతో కదిపి చూడండి. కామన్ రైల్ అయితే పంపు, రైలు, ఇంజెక్టర్లు, సెన్సార్లు అన్నీ దాని మీదే ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. చాలా ఇంజన్లలో ఒక్కో ఇంజెక్టరు మీద ఒక కోడు ఉంటుంది, దాన్ని ఈసీఎంలోకి ఎక్కించాలి. ఆ కోడు చెరిగిపోకముందే ఫోనుతో ఫొటో తీసుకోండి.

తర్వాత నంబరు. పెన్సిల్ ప్రింటు తీయండి. అంకెలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉన్నాయా? చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా? దొంగతనం బళ్ళ ఇంజన్లు మార్కెట్లోకి వస్తాయన్నది దాచాల్సిన సంగతి కాదు. ఆ నంబరు పోయిన బళ్ళ జాబితాలో ఉందేమో ఎన్‌సీఆర్‌బీ సదుపాయం ద్వారా చూసుకోవచ్చు, పోలీసు స్టేషన్‌లో అడగవచ్చు. ఆ ఇంజన్ తీసిన బండి ఆర్‌సీ రద్దు చేయించిన కాగితం నకలు, ఇంజన్ నంబరు రాసిన జీఎస్‌టీ బిల్లు, ఈ రెండూ లేకుండా డబ్బు ఇవ్వకండి.

నూజివీడు వైపు మామిడికాయలు తోలే మన హాస్టల్ తమ్ముడొకడికి సరిగ్గా సీజన్ మధ్యలో రాడ్డు బయటికొచ్చింది. ఒక దుకాణంలో మిగతావాటికన్నా బాగా తక్కువకు ఇంజన్ చూపించారు, కాగితాలు లేవు. "దాని నంబరు కొట్టేసి నీ నంబరు పంచ్ చేసిస్తాం, ఆఫీసు చుట్టూ తిరిగే బాధ కూడా ఉండదు" అన్నారు. వాడి ఇంట్లో అప్పటికే రెండు వాయిదాలు బాకీ. వాడు దాదాపు ఒప్పుకున్నాడు. నేను వాడికి చెప్పింది భయపెట్టే మాట కాదు, లోహం సంగతి. అంకె కొట్టినప్పుడు దాని కిందున్న లోహం కూడా నలిగి గట్టిపడుతుంది. పైన అరగదీసినా లోపల ఆ నలుగుడు మిగిలే ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబులో మందు పూస్తే పాత అంకెలు మళ్ళీ కనబడతాయి. అప్పుడు బండి స్టేషన్‌లో ఎండకు ఎండుతుంది, కేసు నీ పేరు మీద నడుస్తుంది, అమ్మినవాడు నువ్వెవరో తెలియదంటాడు. వాడు పదకొండు రోజులు ఆగాడు. ఆ పదకొండు రోజులూ వేరేవాళ్ళ బండి మీద డ్రైవరుగా పోయాడు. ఎక్కువ ధరే అయినా బిల్లున్న ఇంజన్ దొరికింది. ఆర్‌సీలో నంబరు ఎక్కింది. ఆ సీజనులో వాడికి పెద్దగా మిగల్లేదు. బండి మాత్రం వాడి దగ్గరే ఉంది.

ఇక ఖర్చు లెక్క. ఇంజన్ ధర ఒక్కటే చూసుకుంటే మధ్యలో చెయ్యి చాపాల్సి వస్తుంది. క్లచ్ ప్లేటు, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు, వాటర్ పంపు, గొట్టాలు, బెల్టులు, ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, దించి ఎక్కించే కూలి, ఆఫీసు ఫీజు ఇవన్నీ ఉంటాయి. నేనైతే ఇంజన్ ధరలో మూడో వంతు విడిగా పక్కన పెట్టమంటాను. ఇంజన్ బయట ఉన్నప్పుడే క్లచ్ మార్చండి. తర్వాత మార్చాలంటే మళ్ళీ గేరుబాక్సు దించాలి.

పాత ఇంజన్ ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది ఎక్కించకండి. రేడియేటరు మూసుకుపోయి మొదటిది కాలితే రెండోదీ అలాగే కాలుతుంది. పాత టర్బో పగిలి ఉంటే ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ నిండి ఉంటుంది. దాన్ని కడగకుండా బిగిస్తే ఇంజన్ ఆ ఆయిల్‌నే డీజిల్‌లా తాగి, తాళం తీసినా ఆగకుండా గొంతెత్తి పరిగెడుతుంది. నిమిషాల్లో పోతుంది. ఆయిల్ కూలర్‌లో పాత ఇనుప రజను చిక్కుకుని ఉంటుంది, అది కూడా కడిగించాలి.

బండి కదిలాక మొదటి వెయ్యి కిలోమీటర్ల లోపే ఆయిలూ ఫిల్టరూ మార్చండి, ఆ దూరం నిండు లోడు వేయకండి. కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కగానే ఇన్సూరెన్సు పాలసీలో కూడా మార్పించండి. పాత బ్లాకును వెంటనే తూకానికి వేయవద్దు. ఆఫీసులో చూపించమని అడగవచ్చు. అంతా పూర్తయ్యాక, దాని నంబరు రాయించుకుని రసీదు మీదే తుక్కుకు అమ్మండి. ఆ రసీదును ఇంజన్ బిల్లుతో కలిపి ఆర్‌సీ కవర్లోనే పెట్టుకోండి.