మేఘాల ఆకృతి నుంచి ఊరి మైకు దాకా: హంసలదీవికి తుపాను హెచ్చరిక చేరే విధానం

కృష్ణానది సముద్రంలో సంగమించే హంసలదీవి, దానిని ఆనుకొని ఉన్న దివిసీమ గ్రామాలు తుపాను హెచ్చరికల విషయంలో రాష్ట్రానికే గీటురాయి వంటివి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. బంగాళాఖాతంలో తుపాను ఉన్న సంగతి నాడు వాతావరణ శాఖకు తెలియనిది కాదు. అయినా ఉప్పెన వచ్చిన వేళ ప్రజలు ఇళ్లలోనే ఉన్నారు. 1990 మే 9న ఇంచుమించు అంతటి తీవ్రత గల తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. ఆ పర్యాయం లక్షన్నర మందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. మృతుల సంఖ్య వెయ్యి లోపునకు పరిమితమైంది. తుపాను రక్షిత భవనాల నిర్మాణం ఇందుకు ఒక కారణం కాగా, మేఘాలను చదివే విధానంలోను, చదివిన దానిని ప్రజలకు చేరవేసే సమాచార వ్యవస్థలోను వచ్చిన మార్పు మరొక కారణం. ఈ రెండింటి వెనుకనున్న పరిశోధనను పాత్రికేయుల, మండల స్థాయి అధికారుల అవగాహన కొరకు ఇక్కడ వివరించడమైనది.

నడిసముద్రంలో గాలి వేగాన్ని నేరుగా కొలిచే అవకాశం చాలా తక్కువ. ఓడలు తుపాను దారి నుంచి తప్పుకుంటాయి. అందువల్ల ఉపగ్రహ చిత్రంలో మేఘాలు సంతరించుకున్న ఆకృతిని బట్టి తీవ్రతను అంచనా వేయవలసి ఉంటుంది. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ 1970 దశకంలో ఇందుకొక పద్ధతిని రూపొందించారు. మేఘపంక్తి కేంద్రం చుట్టూ ఎంత మేరకు చుట్టుకున్నది, మధ్యలో 'కన్ను' ఏర్పడినదా, ఆ కంటికీ చుట్టూ ఉన్న మేఘశిఖరాలకూ ఉష్ణోగ్రతలో తేడా ఎంత అనే అంశాలను పరిశీలించి, 1 నుంచి 8 వరకు ఒక 'టి' సంఖ్యను నిర్ణయిస్తారు. టి 2.5 అంటే గాలి వేగం గంటకు సుమారు 65 కిలోమీటర్లు. టి 4 అంటే సుమారు 120 కిలోమీటర్లు. 1999 నాటి ఒడిశా పెనుతుపాను టి 7కు చేరింది. అంటే సుమారు 260 కిలోమీటర్లు.

ఒకే చిత్రాన్ని చూసి ఇద్దరు నిపుణులు వేర్వేరు సంఖ్యలు ఇవ్వడం ఈ పద్ధతిలోని చిక్కు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పనిని కంప్యూటరుకు అప్పగించే కృషి చేపట్టారు. కంప్యూటరు ఉపగ్రహ చిత్రంపై సర్పిలాకార రేఖలను వేసి, మేఘాలకు బాగా సరిపోలిన రేఖ ఆధారంగా కేంద్రాన్ని గుర్తిస్తుంది. ఆపై అది కన్ను ఉన్న తుపానా, మేఘం కప్పినదా, వంకర పట్టీ రూపమా అని వర్గీకరించి తీవ్రతను లెక్కకడుతుంది. ఆకృతుల గుర్తింపు అనబడే ఈ శాస్త్రం మనకు కొత్తది కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లోనే తెలుగు అచ్చు అక్షరాలను కంప్యూటరు గుర్తించే విధానాన్ని ప్రకటించారు. 'ప'కు, 'వ'కు ఉన్న తేడాను యంత్రం పట్టుకోవడం ఎంత కష్టమో, చెదిరిన మేఘాలలో తుపాను కేంద్రాన్ని పట్టుకోవడం అంతకంటె కష్టం. అక్షరం కనీసం కదలదు.

ఇటీవల వేలాది చిత్రాలను చూపి కంప్యూటరుకు శిక్షణ ఇచ్చే పద్ధతులు ప్రాచుర్యంలోకి వచ్చాయి. అయితే బంగాళాఖాతం, అరేబియా సముద్రం రెండింటిలో కలిపి ఏడాదికి సగటున ఏర్పడే తుపానులు సుమారు ఐదు మాత్రమే. పైగా సరైన జవాబుగా యంత్రానికి చూపే తీవ్రత కూడా అధిక సందర్భాలలో అంచనాయే. కనుక టి సంఖ్యను కొలిచిన విలువగా ప్రచురించడం సమంజసం కాదు.

తీరానికి చేరువైన తుపానును రాడారు చూడగలదు. మచిలీపట్నంలో 2004 డిసెంబరులో డాప్లర్ రాడారును నెలకొల్పారు. సుమారు 400 కిలోమీటర్ల దూరంలో కనిపించిన తుపాను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదిలితే తీరం చేరడానికి 27 గంటలు పడుతుంది. యంత్రాంగం చేతిలో ఉండే వ్యవధి ఇంతే.

ఈ వ్యవధిలో సమాచార వలయం పనిచేయాలి. ఓడరేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలలో 10వ నంబరు గురించి అందరికీ తెలుసు. 11వ నంబరు ఒకటున్నదని, తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థమని ఎరిగినవారు తక్కువ. గాలికి తీగలు తెగడం ఆనాటి నుంచీ ఉన్న సమస్య. దానికి విరుగుడుగా 1980 దశకం మధ్యలో ఇన్శాట్ ఉపగ్రహం ద్వారా నేరుగా హెచ్చరికలు అందుకునే రిసీవర్లను తీరప్రాంతంలో అమర్చారు. ప్రమాదం పొంచి ఉన్న జిల్లాలోని రిసీవర్లకు మాత్రమే సందేశం పంపగలగడం, అదీ స్థానిక భాషలో వినిపించడం వాటి విశేషం. 1990 నాటి తరలింపులో ఇవి ఎంతగానో ఉపకరించాయి.

నేడు సెల్‌ఫోను ప్రతి చేతిలోనూ ఉన్నది. అయితే ఎస్.ఎం.ఎస్. ఒక్కొక్క నంబరుకు విడిగా వెళ్తుంది గనుక లక్షల మందికి ఒకేసారి పంపితే ఆలస్యమయ్యే అవకాశమున్నది. సెల్ బ్రాడ్‌కాస్ట్ విధానంలో టవరు పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకే ప్రసారం అందుతుంది. సముద్రంలో 10, 12 కిలోమీటర్లు దాటితే ఫోనుకు సిగ్నల్ అందదు. వేటకు వెళ్లిన మత్స్యకారుల కొరకు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తోడ్పాటుతో 2019లో 'జెమిని' పరికరం విడుదలైంది. ఉపగ్రహం పంపిన హెచ్చరికను ఇది పడవలోని ఫోనుకు అందజేస్తుంది. అయితే పడవ నుంచి తిరిగి జవాబు పంపే వీలు ఇందులో లేదు.

మండల కేంద్రానికి చేరిన హెచ్చరికను లంకలకు, మత్స్యకార పల్లెలకు చేర్చేది నేటికీ మైకు, దండోరాలే. 'టి 4' అనో, '65 నాట్లు' అనో చదివితే పల్లెలో ఎవరికీ ఉపయోగముండదు. నీరు ఎంత ఎత్తున, ఎన్ని గంటలకు రావచ్చును, ఏ భవనానికి ఏ దారిన వెళ్లాలి అన్నవి చెప్పవలసి ఉంటుంది. తుపాను సమయంలో బులెటిన్లు ప్రతి మూడు గంటలకు వెలువడుతాయి. ఉదయపు బులెటిన్‌ను సాయంత్రం చదివి వినిపించినచో తీరం దాటే ప్రదేశమే మారిపోయి ఉండవచ్చును. కావున ప్రకటన చేసే సిబ్బంది, వార్తను ప్రచురించే పత్రికలు బులెటిన్ వెలువడిన వేళను తప్పక పేర్కొనవలసిందిగా కోరడమైనది.