నల్ల విండో మెరిసి మాయమవుతోందా?

సి లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ రాశారు. ఎర్రర్లు లేకుండా కంపైల్ అయింది. ఫైల్‌పై డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో ఇలా మెరిసి అలా మాయమైంది. జవాబు చూసే టైమే లేదు. నందిగామ, జగ్గయ్యపేట వైపు ఫస్టియర్ కుర్రాళ్లకి సీనియర్లు చెప్పే మందు ఒక్కటే: ‘‘చివర్లో గెట్‌సీహెచ్ పెట్టరా, ఆగుద్ది.’’

నిజమే, ఆగుద్ది. ఎందుకు ఆగుతుందో తెలియకుండా దాన్నే అలవాటు చేసుకుంటే మాత్రం ప్లేస్‌మెంట్ టెస్టులో దెబ్బ తగులుతుంది.

నిజానికి మీ ప్రోగ్రామ్ తప్పేం చేయలేదు. డబుల్ క్లిక్ చేసినప్పుడు విండోస్ దాని కోసమే ఒక కొత్త కన్సోల్ తెరుస్తుంది. ప్రోగ్రామ్ ముగిశాక దాన్ని వాడేవాళ్లెవరూ ఉండరు కాబట్టి మూసేస్తుంది. గెట్‌సీహెచ్ చేసే పని గరికపాడు చెక్‌పోస్టులో బండిని ఆపడం లాంటిది. గేటు ఎత్తేదాకా బండి కదలదు, మీరు కీ నొక్కేదాకా ప్రోగ్రామ్ ముగియదు. అందుకే విండో నిలబడుతుంది.

ఈ అలవాటు 1987లో బోర్లాండ్ సంస్థ తెచ్చిన టర్బో సి కాలం నాటిది. అందులో ప్రోగ్రామ్ ముగియగానే మళ్లీ ఎడిటర్ స్క్రీన్ వచ్చేసేది. అవుట్‌పుట్ చూడాలంటే ఆల్ట్, ఎఫ్5 నొక్కాలి, లేదా చివర్లో గెట్‌సీహెచ్ పెట్టాలి. 64 బిట్ విండోస్‌లో టర్బో సి నేరుగా నడవదు. అయినా డాస్‌బాక్స్ వేసి మరీ దాన్ని లాక్కొస్తున్న ల్యాబులున్నాయి!

గెట్‌సీహెచ్ ఉండే కోనియో హెడర్ ఫైల్ సి స్టాండర్డ్‌లో భాగం కాదు. ఆన్‌లైన్ కోడింగ్ టెస్టులు చాలావరకు లినక్స్ మీద జీసీసీతో నడుస్తాయి. అక్కడ ఆ హెడర్ లేదు కాబట్టి కోడ్ కంపైల్ దగ్గరే ఆగిపోతుంది. లాజిక్ ఎంత బాగున్నా మార్కులు రావు. ఇంకో చిక్కుంది. అక్కడ మీ అవుట్‌పుట్‌ని సరిచూసేది మనిషి కాదు, మరో ప్రోగ్రామ్. మర్యాదగా ‘ఎంటర్ ఎ నంబర్’ అని ప్రింట్ చేసినా తేడా వచ్చి, తప్పు అనేస్తుంది.

పోనీ గెట్‌చార్ వాడదామా? అది స్టాండర్డే. కానీ అంతకుముందు స్కాన్‌ఎఫ్‌తో అంకె తీసుకుని ఉంటే, మీరు కొట్టిన ఎంటర్ ఇంకా బఫర్‌లోనే ఉంటుంది. గెట్‌చార్ దాన్నే తీసుకుని వెళ్లిపోతుంది. విండో షరా మామూలే.

సరైన దారి తేలికైనదే. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో ప్రోగ్రామ్ పేరు టైప్ చేస్తే చాలు. ప్రోగ్రామ్ ముగిసినా విండో ఎక్కడికీ పోదు, ఎందుకంటే అది కమాండ్ ప్రాంప్ట్‌ది. విజువల్ స్టూడియో వాడేవాళ్లు కంట్రోల్, ఎఫ్5 నొక్కొచ్చు. కోడ్‌బ్లాక్స్‌లోంచి రన్ చేస్తే అదే ఆపి చూపిస్తుంది.

పైథాన్ వాళ్లు చివర్లో ఇన్‌పుట్ ఫంక్షన్ పెడుతుంటారు. మధ్యలో ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ ఆ లైను దాకా వెళ్లదు, విండోతోపాటు ఎర్రర్ మెసేజీ పోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే ఏ లైనులో తప్పుందో తీరిగ్గా చదువుకోవచ్చు.

ల్యాబ్ రికార్డులో గెట్‌సీహెచ్ తప్పదంటే రాసేయండి. తర్వాత అదే ప్రోగ్రామ్‌ని కోనియో, గెట్‌సీహెచ్, క్లియర్ స్క్రీన్ లైన్లు తీసేసి జీసీసీలో ఒకసారి రన్ చేసి చూసుకోండి.