ఉచితం సరే.. బస్సేదీ?

ఆదిలాబాద్‌: మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. తెలంగాణలో కండక్టరు ఇచ్చే ‘జీరో టికెట్‌’ విలువను ప్రభుత్వమే సంస్థకు చెల్లిస్తుంది. అయితే ఈ సౌకర్యం బస్సును అంటిపెట్టుకుని ఉన్నది. ఉమ్మడి ఆదిలాబాద్‌ జిల్లా ఏజెన్సీలో వాగు దాటి, మట్టిబాట నడిస్తే గానీ బస్సు ముఖం చూడలేని గూడేల మహిళ చేతికి ఆ టికెట్టు అందదు. ఆమె ఎక్కేది షేర్‌ ఆటో. అక్కడ చెల్లేది నగదు మాత్రమే.

విద్యార్థుల పాసులదీ ఇదే తీరు. బాలికలకు పదో తరగతి వరకు ఉచిత పాసు, పైచదువులకు రాయితీ పాసు, దివ్యాంగులకు ఛార్జీలో రాయితీ.. ఇవన్నీ ఆర్టీసీ బస్సులోనే పనికివస్తాయి. ఒక ట్రిప్పు రద్దయితే, పూర్తి ఛార్జీ పెట్టుకోగలవారు బస్సును మాత్రమే కోల్పోతారు. పాసు మీద ఆధారపడినవారు బస్సుతోపాటు రాయితీనీ కోల్పోతారు.

ట్రిప్పులు ఎందుకు తగ్గుతాయి? డిపోలో ప్రతి రూటునూ ప్రధానంగా రెండు కొలతలతో తూస్తారు. కిలోమీటరుకు వచ్చే రాబడిని ఈపీకే అని, సీట్లు నిండిన శాతాన్ని ఓఆర్‌ అని అంటారు. ఊళ్లో నాలుగు డబ్బులు ఆడేవారు ముందుగా మోటారు సైకిలు కొంటారు. వారు బస్సు మానేయగానే ఓఆర్‌ పడిపోతుంది. మధ్యాహ్నం ట్రిప్పు ఎత్తివేస్తారు. వేళకు బస్సు లేదని మరికొందరు ఆటోలకు మళ్లుతారు. చివరకు మిగిలేది వృద్ధులు, మహిళలు, విద్యార్థులు. అంటే, బస్సు తప్ప వేరే దిక్కులేనివారే. వారి సంఖ్య ఏ కొలతలోనూ పెద్దదిగా కనిపించదు.

నైట్‌హాల్ట్‌ సర్వీసు విలువ పల్లెవాసులకు తెలిసినంతగా లెక్కలకు తెలియదు. రాత్రి ఊళ్లోనే నిలిచి తెల్లవారుజామున బయలుదేరే ఆ బస్సు కూరగాయలను సంతకు, రోగిని ఆసుపత్రి ఓపీ వేళకు చేరుస్తుంది. అది రద్దయితే ఉదయం మొదటి బస్సు డిపో నుంచి రావలసిందే, వచ్చేసరికి పొద్దెక్కుతుంది. 108 వాహనం ఉన్నది కదా అనవచ్చు. అది అత్యవసర వేళకే. నెలనెలా బీపీ, షుగర్‌ మాత్రలకు వెళ్లేవారికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగి రావలసినవారికి అది అక్కరకు రాదు.

చదువుల విషయంలో చివరి బస్సు వేళే అనేక నిర్ణయాలు చేస్తుంది. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వయసు వరకే వర్తిస్తుంది. అటుపై జూనియర్‌ కళాశాల ఎంత దూరమైనా వెళ్లిరావలసిందే. సాయంత్రం చీకటి పడకముందే తిరిగివచ్చే బస్సు లేకపోతే కూతురిని పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. కొడుకు మాత్రం ఎవరి బండి వెనకైనా ఎక్కి వస్తాడు.

రోడ్డు లేదన్నది తరచూ వినిపించే సమాధానం. అందులో నిజం లేకపోలేదు. వానాకాలంలో వాగులు పొంగితే బస్సు ఇవతలి ఒడ్డునే ఆగవలసివస్తుంది. కల్వర్టు, బస్సు తిప్పుకునే స్థలం లేనిదే కొత్త రూటు సాగదు. అయితే వంతెన పనులు ఒక శాఖవి, బస్సులు మరో సంస్థవి. ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తుండగా గూడెంలో మరో విద్యాసంవత్సరం గడిచిపోతుంది. కేస్లాపూర్‌ నాగోబా జాతరకు ఏటా ప్రత్యేక బస్సులు నడుస్తాయి. జాతర ముగియగానే అవి డిపోలకు మళ్లుతాయి.

బస్సు కావాలని కోరేవారికి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి ఒక మార్గం. ఆ అర్జీ ఇవ్వడానికి జిల్లా కేంద్రానికి రావలసినదీ ఆటోలోనే.